వాటాదారు

ఫ్లోరా సిస్టరు రిటైరైన నెలలోనే ఆమె డబ్బుకు బంధువులు పుట్టుకొచ్చారు. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఉద్యోగ జీవితమంతా నర్సుగా గడిపి, పెళ్ళి ఊసెత్తకుండానే అరవై రెండేళ్ళు నింపుకుని, సొంతూరు విడవలూరుకు తిరిగొచ్చిన మనిషి ఆమె. నెలనెలా పెన్షనొస్తుంది. అది కాక రిటైర్మెంటు డబ్బు ఒక మోస్తరు మొత్తం బ్యాంకులో పడి ఉందని వీధిలో అందరికీ తెలుసు. మనుబోలు దగ్గర హైవే పక్కన ప్లాట్లు వేస్తున్నామంటూ ఒకాయన కారేసుకుని వచ్చాడు. ఈసారి పెద్ద చీటీ మొదలుపెడుతున్నానంటూ ఎదురింటావిడ వచ్చింది. ఫ్లోరా అందరికీ టీ ఇచ్చింది, అందరి మాటా వింది, ఎవరికీ పైసా ఇవ్వలేదు. అన్నేళ్ళు ఆసుపత్రిలో మెలిగిన మనిషికి, తొందరపెట్టేవాళ్ళను నిదానంగా కూర్చోబెట్టడం బాగానే వచ్చు.

అయితే డబ్బును ఊరకే పెట్టి పెడితే కరిగిపోతుందని కూడా ఆమెకు తెలుసు. బియ్యం ధర, మందుల ధర చూస్తూనే ఉంది. అందుకని ఆలోచించి మూడు భాగాలు చేసింది. ఏడాదో రెండేళ్ళో ఆగి చేయించుకోవలసిన మోకాళ్ళ ఆపరేషను కోసం ఒక భాగం బ్యాంకులో డిపాజిట్టుగా ఉంచింది. ఇంకో భాగం సుప్రియ చేతిలో పెట్టింది. సుప్రియ తనతో పనిచేసిన నర్సు కూతురే. నెల్లూరులో చిన్న ఆఫీసు తెరిచి జనం చేత మ్యూచువల్ ఫండ్లలో డబ్బు పెట్టిస్తుంది. మూడో భాగం తమ్ముడు బెన్హర్ రొయ్యల గుంటల్లోకి పోయింది.

బెన్హర్ ఆమె కన్నా పధ్నాలుగేళ్ళు చిన్నవాడు. తల్లి పోయేనాటికి వాడు ఇంకా బడి మొహం చూడలేదు. వాడికి అన్నం పెట్టింది, పాలిటెక్నిక్ చదివించింది, అబిగయీలుతో పెళ్ళి చేసింది అన్నీ ఫ్లోరానే. అందుకే ఈసారి అతను మాట తీసిన తీరు ఆమెకు నచ్చింది. సముద్రం వైపు నాలుగు గుంటలు లీజుకు తీసుకున్నాడు. రొయ్య పిల్లకూ మేతకూ పెట్టుబడి చాల్లేదు. అయినా అక్క దగ్గర చెయ్యి చాపలేదు.

"అప్పు వద్దక్కా. ఇన్నాళ్ళూ నీ దగ్గర తీసుకునిందే చాలు. వాటా పెట్టు. సగం నీది, సగం నాది. లాభమొచ్చినా సగం, నష్టమొచ్చినా సగం" అన్నాడు.

నష్టం మాట అతను నోటి చివర అన్నాడు, ఆమె చెవి చివర వింది. శుభమా అని గుంటల్లోకి పిల్ల వదలబోతూ దాని గురించి తరచి మాట్లాడుకునేవాళ్ళు ఎవరుంటారు?

మొదటి పంట బాగా పండింది. బెన్హర్ లాభంలో సగం తెచ్చి, ప్రార్థన చేయించుకుని మరీ అక్క చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తిరిగి అతనికే ఇచ్చి, ఎండాకాలం పంటలో కలుపుకోమంది. ఆ రోజుల్లో సాయంత్రం గుంటల నుంచి ఇంటికెళ్తూ అతను రోజూ అక్క వాకిట్లో బండి ఆపేవాడు. మేత ఎంత తింటున్నాయో, రొయ్య ఎంత పెరిగిందో చెప్పి, ఒక గ్లాసు టీ తాగి వెళ్ళేవాడు. రొయ్య గురించి ఏమీ తెలియని ఫ్లోరాకు కేజీకి ఎన్ని తూగితే ఏ ధరో అలా వింటూనే ఒంటబట్టింది.

పిల్ల వదిలి రెండు నెలలు దాటింది. ఎండలు ముదురుతున్నాయి. అప్పుడొచ్చింది వార్త. మన రొయ్యల మీద అమెరికా సుంకం పెంచబోతోందని టీవీలో చెప్పిన మర్నాడే, కేజీకి వంద తూగే రొయ్యకు కంపెనీలిచ్చే ధర పడిపోయింది. ఆ తర్వాతి రోజు ఇంకా పడింది. మొన్నటిదాకా గట్ల మీద కాపు కాసిన ఏజెంట్లు ఫోనెత్తడం మానేశారు. అదే వారంలో షేర్ల మార్కెట్టూ కూలింది. సుప్రియ ఫోనులో పెట్టించిన యాప్ తెరిచి చూస్తే ఫ్లోరా డబ్బు తరుగు చూపిస్తోంది. రొయ్యకీ షేరుకీ ఏం సంబంధమని ఆమె రెండు చోట్ల పెట్టింది. తీరా చూస్తే రెండూ ఒకే గాలికి ఊగే కొమ్మలయ్యాయి.

రెండు రోజులు ధైర్యంగానే ఉంది. మూడో రోజు నుంచి యాప్ తెరవడం అలవాటైంది. అన్నం వండుతూ తెరిచేది, చర్చిలో పాట అయ్యాక చీర కొంగు చాటున తెరిచేది. ఇక లాభం లేదనుకుని బస్సెక్కి నెల్లూరు వెళ్ళింది. మొత్తం తీసేద్దామని చెప్పడానికే వెళ్ళింది.

సుప్రియ ఆమెను కూర్చోబెట్టింది. మార్కెట్టు మళ్ళీ లేస్తుందని మాట ఇవ్వలేదు. ఎప్పుడు లేస్తుందో తనకూ తెలియదనీ, ఇంకా పడినా పడొచ్చనీ ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలుతో ఫ్లోరాకు ఆ పిల్ల మీద కాస్త గురి కుదిరింది. తర్వాత సుప్రియ ఒక్క ప్రశ్న అడిగింది.

"ఈ డబ్బు మీకు ఎప్పుడు కావాలాంటీ?"

ఫ్లోరా ఆలోచించింది. మోకాళ్ళకు బ్యాంకులో ఉంది. తిండికి పెన్షనుంది. ఈ డబ్బు ఎప్పుడో, ఇంకా ముసలితనంలో, మంచం మీద నుంచి లేవలేని రోజుల్లో ఒక మనిషిని పెట్టుకోవడానికి. ఆ మాటే చెప్పింది.

"అట్టయితే ఆ రోజు దాకా దీని మొహం చూడబాకండి" అంది సుప్రియ. "ఇవాళ తీస్తే నష్టం మీ చేతికొస్తాది. ఉంచితే వస్తాదో రాదో. నేను చెప్పగలిగింది అంతే."

తిరుగు బస్సులో ఫ్లోరా కిటికీ పక్కన కూర్చుంది. తీయకుండా వచ్చినందుకు కొంచెం భయంగానూ, కొంచెం తేలికగానూ ఉంది. ఊరు దగ్గరపడుతుండగా ఒక సంగతి మనసుకు తట్టింది. తమ్ముడు వాకిట్లో బండి ఆపి ఎన్నాళ్ళయింది? ధర పడిన వార్త వచ్చినప్పటి నుంచీ అతను రావడం లేదు. పోయిన ఆదివారం చర్చికీ రాలేదు. అబిగయీలును అడిగితే గుంటల దగ్గర పని అంది. ఫోను చేస్తే రెండు మాటల్లో ముగించాడు. ఆ పైన వీధిలో ఒకసారి అతని బండి చప్పుడు వినబడి ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి, ఇంటి ముందు నుంచి రాకుండా పక్క సందులోకి తిప్పేశాడు. అప్పుడేమీ అనుకోలేదు. ఇప్పుడు కలుక్కుమంది.

మరునాడు మధ్యాహ్నం అబిగయీలు వచ్చింది. ఎండన పడి నడిచొచ్చిన మనిషి, మంచినీళ్ళు కూడా తాగకుండా, చేతిరుమాలు మూట విప్పి మంచం మీద పెట్టింది. అందులో ఆమె మెడలోని గొలుసు ఉంది.

"ఇది మీ దగ్గర పెట్టుకోండి వదినా. ఆయనతో మాత్రం నేనిచ్చినానని చెప్పబాకండి. డబ్బుకు తొందరేం లేదని మీరే ఒకసారి ఆయనకు చెప్పండి" అంది.

ఫ్లోరాకు ఏమీ అర్థం కాలేదు. అడగ్గా అడగ్గా అబిగయీలు చెప్పుకొచ్చింది. ఇల్లు కట్టుకుందామని నెల్లూరు రోడ్డు పక్కన కొనుక్కున్న స్థలాన్ని బెన్హర్ బేరం పెట్టాడట. అక్క పెట్టిన డబ్బు అక్కకు పూర్తిగా ఇచ్చేదాకా ఆమె ముందుకు రానన్నాడట. రెండు గుంటల్లో రొయ్య పట్టుకోవడానికి తయారుగా ఉంది. ఉన్న ధరకు పట్టేద్దామని అందరూ అంటున్నా, ధర లేవాల్సిందేనని మేత మీద మేత వేస్తున్నాడట. పక్క రైతు గుంటలో అప్పుడే తెల్లమచ్చ తెగులు కనబడింది. ఎండకు నీళ్ళు వేడెక్కుతున్నాయి. రాత్రిళ్ళు నిద్ర లేదు.

"నేనడిగినానా అబిగయీలూ వాణ్ణి?" అంది ఫ్లోరా. గొంతులో కోపం ధ్వనించింది. తనను అప్పులిచ్చేవాళ్ళతో సమానం చేశారని బాధ.

"మీరు అడగలా వదినా. మీరు అడక్కుండా ఉండడమే ఆయనకు కష్టంగా ఉండాది."

ఫ్లోరా గొలుసు తీసి తనే అబిగయీలు మెడలో వేసింది. అన్నం తిని వెళ్ళమంది. ఆమె వెళ్ళిపోయాక వాకిట్లో కుర్చీ వేసుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

తమ్ముడు తనను తప్పించుకు తిరుగుతున్నాడని వాడి మీద కోపం తెచ్చుకోవడం సులువే. కానీ కోపం చల్లారాక తన మనసే తనను నిలదీసింది. ధర పడిన వార్త వచ్చిన రోజు తనకు మొదట ఏమనిపించింది? వాడు ఏం చేసైనా నా డబ్బు మునగనివ్వడులే అనిపించింది. అవును, సరిగ్గా అదే. సుప్రియ దగ్గర డబ్బు తరిగితే బస్సెక్కి పరుగెత్తింది గానీ, గుంటల్లో డబ్బు గురించి అంత కంగారు పడకపోవడానికి కారణం అదే. లాభం వచ్చినప్పుడు తను వాటాదారు, నష్టం వచ్చేసరికి లోలోపల అప్పిచ్చిన మనిషి. నోటితో అడగకపోయినా, అన్నేళ్ళు తన చేతి అన్నం తిన్నవాడికి తన మనసులోని లెక్క తెలియకుండా ఉంటుందా? వాడు ఆ లెక్కే చదువుకున్నాడు, ఆ లెక్కే తీర్చాలని స్థలం బేరం పెట్టాడు.

పొద్దున్నే ఆటో మాట్లాడుకుని గుంటల దగ్గరకు వెళ్ళింది. గట్టు మీద నడవడానికి మోకాళ్ళు సహకరించలేదు. ఒక్కో అడుగూ చూసుకుంటూ వెళ్ళింది. నీళ్ళకు గాలి అందించే చక్రాలు తిరుగుతూ నురగ లేపుతున్నాయి. సముద్రపు గాలిలో మేత వాసన కలిసి వస్తోంది. బెన్హర్ చెక్క వంతెన చివర వంగి, మేత తిన్నాయో లేదో చూసే వలపళ్ళెం పైకి లాగుతున్నాడు. గడ్డం పెరిగింది. మనిషి సగమయ్యాడు. అక్కను చూసి పళ్ళెం వదిలేశాడు.

"ఎండలో ఎందుకొచ్చినావక్కా? నీ డబ్బు యాడికీ పోదు. స్థలం బేరం పెట్టినా. నెలలోపల తెచ్చిస్తా."

"ఎందుకు తెచ్చియ్యాల?"

ఫ్లోరా మేత బస్తాల మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. సుప్రియ దగ్గర కూడా డబ్బు తరిగిందని చెప్పింది. మొన్ననే పోయి కనుక్కొచ్చానంది.

"ఆ కంపెనీలోళ్ళు ఒక్కరన్నా ఇంటి స్థలం అమ్మి నాకు తెచ్చిస్తామన్లేదు రా" అంది.

"వాళ్ళు నీ తమ్ముళ్ళు కాదు గదక్కా."

మాట నిజమే. ఫ్లోరా మెల్లగా, నిన్న వాకిట్లో కూర్చుని తను తెలుసుకున్నది చెప్పింది. నోటితో వాటా అన్నాను గానీ మనసులో అప్పుగానే రాసుకున్నానంది. అది తన తప్పేనంది. ఇవాళ్టి నుంచి ఆ లెక్క కొట్టేస్తున్నానంది. బెన్హర్ తల వంచుకుని విన్నాడు. చేతి వెనకతో కళ్ళు తుడుచుకున్నాడు, చెమట తుడుచుకున్నట్టే.

"ఇప్పుడు వాటాదారుగా ఒక మాట అడుగుతా, చెప్పు" అంది ఫ్లోరా. "నా డబ్బు దీంట్లో లేదనుకో. నీదే అంతా. అప్పుడు ఈ గుంటల్ని ఏం చేస్తావు?"

బెన్హర్ ఆలోచించడానికి కూడా ఆగలేదు. "ఈ రెండూ రేపే పట్టించేస్తా. తెగులు పక్క గట్టు దాకా వచ్చేసింది. ఆ రెండు గుంటల్లో రొయ్య మాత్రం ఇంకా చిన్నదక్కా. వాటిని పట్టినా ఏం రాదు. మేత తగ్గించి చూస్తా."

అన్న తర్వాత తన మాట తనే విన్నట్టు ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ రోజుకొకసారి ఈ గట్ల మీద తిరుగుతూ తను లెక్కవేసింది ఎప్పుడు పట్టాలని కాదు, అక్క డబ్బు పూర్తిగా రావాలంటే ధర ఎంత దాకా లేవాలని. ఆ ధర రావాలని మొండికేసి, చేతికొచ్చిన రొయ్యను తెగులు నోట్లో పెట్టబోయాడు. ఆ సంగతి అతనే చెప్పాడు, సిగ్గుపడుతూ. ఫ్లోరా అవునని తలూపింది. ఆమెను ఆసుపత్రి మనిషిగా ఎరిగినవాళ్ళకు ఆ తలూపడం తెలుసు. రోగి నొప్పి ఎక్కడో సరిగ్గా చెప్పినప్పుడు అలా ఊపేది.

మరునాటికి ఏజెంటు దొరకలేదు. ఆ పై రోజు దొరికాడు. తెల్లారగట్ల వలలు దిగాయి. ఐసు బాక్సుల లారీ గట్టు దాకా వచ్చింది. ఏజెంటు చెప్పిన ధరకు బెన్హర్ కాస్త గింజుకున్నాడు, కాస్త రాబట్టుకున్నాడు. రెండు గుంటలూ ఖాళీ అయ్యేసరికి పెట్టిన పెట్టుబడికి గండి పడిందని ఇద్దరికీ కనబడుతూనే ఉంది. అబిగయీలు ఇంటి నుంచి పులిహోర తెచ్చింది. ముగ్గురూ మేత షెడ్డు నీడలో కూర్చుని తిన్నారు. బెన్హర్ రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. అతను కడుపునిండా తిని ఎన్నాళ్ళయిందో అబిగయీలు చెప్పకపోయినా ఫ్లోరాకు తెలిసింది.

మిగిలిన రెండు గుంటల కథ అంత తిన్నగా సాగలేదు. సుంకం సంగతి కొన్నాళ్ళు వాయిదా పడిందన్నారు. ధర కొంచెం లేచింది. ఆగడం మంచిదే అయిందని సంతోషించేలోపల ఒక గుంటలో రొయ్య గట్టు పక్కకు వచ్చి తేలడం మొదలైంది. తెగులు సోకిందని తేలిపోయింది. దొరికినంత ఆదరాబాదరాగా పట్టించారు. నాలుగో గుంట మాత్రం నిలబడింది. దాని రొయ్య బాగా పెరిగింది, ఫరవాలేదనిపించే ధర వచ్చింది. మంచీ చెడూ కలిపి చూసుకుంటే పెట్టిన దాంట్లో మూడో వంతు పోయింది.

బెన్హర్ లెక్కంతా చెప్పి, అక్క వాటాకు వచ్చింది తెచ్చి ఇచ్చాడు. ఫ్లోరా లెక్కపెట్టింది. నోట్లు కొన్ని ఎక్కువున్నాయి. తన వాటాలోంచి తీసి కలిపాడని అర్థమైంది. ఎక్కువున్నవి విడిగా పెట్టి అతని వైపు తోసింది. అతను ఇంకోసారి తోయబోయి, అక్క మొహం చూసి జేబులో పెట్టుకున్నాడు. స్థలం బేరం మానేశానని చెప్పాడు. అడ్వాన్సు తీసుకోలేదు కాబట్టి గొడవేమీ రాలేదట.

సుప్రియ దగ్గర డబ్బు ఆ తర్వాతి నెలల్లో కొంత పుంజుకుంది. మళ్ళీ కొంత జారింది. ఫ్లోరా చూడడం పూర్తిగా మానలేకపోయింది గానీ, వారానికొకసారికి తగ్గించుకుంది. పుంజుకున్నప్పుడు సంతోషించింది. అయితే అది మొహమెరగని సంతోషం. ఎవరికి చెప్పుకోవాలో తెలియని సంతోషం.

అసలు కష్టం వానాకాలం పంట ముందు వచ్చింది. బెన్హర్ మళ్ళీ నాలుగు గుంటలకూ పిల్ల వదలాలనుకున్నాడు. పోయింది రాబట్టుకోవాలని ఉంది అతనికి. అక్క కూడా ఈసారి నిలబడుతుందనే అనుకున్నాడు. నష్టంలో అంత అండగా మాట్లాడిన మనిషి మరి వెనక్కెందుకు పోతుంది? అడగడానికి అబిగయీలుతో కలిసి సాయంత్రం వచ్చాడు.

ఫ్లోరా దాని గురించి అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. పెట్టినదాంట్లో మూడో వంతు పోయాక, మిగిలింది మళ్ళీ అదే నీళ్ళలో వదలడానికి తన వయసు ఒప్పుకోవడం లేదు. కాదనలేక పెడితే, పెట్టిన క్షణం నుంచీ అది మళ్ళీ మనసులో అప్పు అయి కూర్చుంటుంది. ఆ సంగతి తనకు ఇప్పుడు బాగా తెలుసు.

"ఈ పంటకు నేను రాను రా" అంది.

బెన్హర్ మొహం వాడిపోయింది. ఎందుకని అడగలేదు. సరే అక్కా అని, టీ తాగకుండానే లేచాడు. అబిగయీలు మాత్రం వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, ఫ్లోరా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వెళ్ళింది.

అతను చాలా రోజులు రాలేదు. ఫ్లోరా ఫోను చెయ్యలేదు. చెయ్యాలని వేళ్ళు తహతహలాడినా ఊరుకుంది. మళ్ళీ సందులోకి బండి తిప్పేస్తున్నాడేమోనని చప్పుడైనప్పుడల్లా చెవొగ్గి వినేది. తను చేసింది తప్పేమోనని కూడా అనుకుంది. నష్టం రోజు అక్కగా నిలబడి, పెట్టుబడి రోజు పరాయిదాన్నయ్యానా అని. ఎటూ తేల్చుకోలేకపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి ఆవరణలో చెప్పులు వెతుక్కుంటుంటే, ఎవరో ఆమె చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టారు. బెన్హర్. ఇంటిదాకా నడిచొస్తానన్నాడు. ఆమె నడకకు తగ్గట్టు నిదానంగా నడిచాడు. రెండు గుంటలే వేశానని చెప్పాడు, తన దగ్గరున్న డబ్బుతోనే. మిగతా రెండూ లీజు వదిలేసుకున్నాడట. మొదట నువ్వు రానన్నావని కష్టమనిపించిందక్కా, అన్నాడు. ఆ తర్వాత గుంటలకు పిల్ల వదిలిన రోజు నిద్ర పట్టిందట. ఎందుకు పట్టిందో ఇంకా సరిగ్గా తెలియదన్నాడు.

రోడ్డు మీద నీళ్ళు నిలిచిన చోట ఫ్లోరా అతని భుజం ఆసరా తీసుకుని దాటింది.

"వానకు నీళ్ళల్లో ఉప్పు తగ్గిపోయిందక్కా. రెండో గుంటలో రొయ్య సరిగ్గా తినడం లేదు. ఈసారీ నష్టమే వచ్చేట్టుండాది" అన్నాడు బెన్హర్, పక్కనే నడుస్తూ.

వాన మళ్ళీ వస్తుందేమో అన్నంత మామూలుగా అన్నాడు. తల వంచుకోలేదు, మాట నమల్లేదు. ఫ్లోరా అతని మొహంలోకి చూసి, లోపలికొచ్చి అన్నం తిని పొమ్మంది. తిని వెళ్ళాడు.